ఒంటితాడు ఆరోహణ: పదిహేను రోజుల నివేదిక

1వ తేదీ, సోమవారం. ఉదయం 10:20

పెట్టె వచ్చింది! మా చెట్ల విభాగం చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగిన దినం. ప్రస్తుతానికి నీలిసిరాతో లిఖిస్తున్నాను.

విషయం: మా కొమ్మలు కొట్టేవాళ్ళు ఇంతకాలం జంటతాడు మీద ఎక్కుతున్నారు. తాడు కొమ్మ మీదుగా పోయి తిరిగి ఎక్కేవాళ్ళ నడుముకే వస్తుంది. చేతులతో లాక్కుంటూ పైకి పోవాలి. కొత్తది ఒంటితాడు. దీని ఒక కొస చెట్టు మొదట్లో కట్టి ఉంటుంది. తాడు కదలదు, మనిషే కదులుతాడు. పాదానికి, మోకాలికి, ఛాతీకి తాడును కరిచే పరికరాలుంటాయి. అవి పైకి జారతాయి, కిందికి జారవు. సిబ్బంది వాటికి అప్పుడే మొసళ్ళని పేరు పెట్టేశారు. శ్రమంతా కాళ్ళది. చేతులకు విశ్రాంతి.

చేతుల ప్రస్తావన ఊరికే తేలేదు. ఇరవై రెండేళ్ళుగా చెట్లెక్కుతున్న మా మేస్త్రికి, అంటే అందరూ పైఅక్క అని పిలిచే ఆమెకు, కుడిభుజం అరిగిపోయిందని డాక్టరు రాసిచ్చాడు. చేతులతో లాగే పని మానకపోతే ఆమెను నారుమొక్కల షెడ్డుకు, అనగా నేలమీదికి, బదిలీ చేయవలసి ఉంటుంది. గడువు పదిహేనో తేదీ. నచ్చని పక్షంలో పెట్టె వాపసు పంపే గడువూ అదే.

10:50. పరికరాలు ప్రదర్శించాను. ఎవరూ ముట్టుకోలేదు.

"నా భుజం పోయిందని ఆడుకోడానికి బొమ్మలు తెప్పించారా సార్?" అంది పైఅక్క.

"అలాంటిదేం లేదమ్మా. ఇవి అందరికీ."

"అందరిలో మీరూ ఉన్నారుగా. మీరెక్కి చూపించండి. మీరెక్కితే నేనెక్కుతా. నేనెక్కితే వీళ్ళెక్కుతారు."

11:05. తీర్మానం: పదిహేనో తేదీలోగా ఆఫీసు ఆవరణలోని నిద్రగన్నేరు చెట్టు మొదటి పంగ వరకు, పదకొండు మీటర్లు, నేనే స్వయంగా ఎక్కుతాను! ఇందుకు నా అనుమతి కోరాను. మంజూరు చేశాను.

2వ తేదీ, మంగళవారం

లేవవలసినది: 5:00. లేచినది: 6:40. (గడియారంపై విచారణ జరుగుతున్నది.)

గుంజీళ్ళు: లక్ష్యం 50. పూర్తయినవి 11. పురోగతిలో ఉన్నవి 39.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏవండీ, ఆఫీసులో ఏం తప్పు చేశారు?"

"ఇది వ్యాయామం. చెట్టెక్కబోతున్నాను."

"అటకమీంచి సూట్‌కేసు దించమంటే మూడు నెలల్నుంచి నడుం నొప్పన్నారు!"

అటక, చెట్టు వేర్వేరు విభాగాల పరిధిలోకి వస్తాయని వివరించాను. ఆమె వివరణను స్వీకరించలేదు.

4వ తేదీ, గురువారం

ముందుగా సన్నతాడుకు బరువు సంచీ కట్టి కొమ్మ మీదుగా విసరాలి. ఆపైన దాని సాయంతో అసలు తాడును పైకి లాగాలి. చాలా సులభం!

మొత్తం విసుర్లు: 17. వివరాలు: నేలమీద 9. ఆఫీసు కప్పుమీద 4. సైకిల్ స్టాండు మీద 2. గుమాస్తా భోజనం క్యారియర్‌లో 1. కొమ్మ మీదుగా 1!

"సార్, అది పక్క చెట్టు," అంది పైఅక్క.

ఆమె లేచి వచ్చి ఎడమచేత్తో ఒక్కసారి విసిరింది. సంచీ సరిగ్గా పంగలోంచి దూరి ఇవతల పడింది. కుడిచెయ్యి మాత్రం పక్కన వేలాడుతూనే ఉంది. ఈ విషయం నివేదికలో చేర్చవలసిన అవసరం లేదు. చేర్చాను.

6వ తేదీ, శనివారం

హార్నెస్, అనగా తాడుకు తగిలించే నడుంపట్టీ, ధరించాను. తయారీదారులు మానవుడి నడుమును తక్కువ అంచనా వేశారు. ఊపిరి వదిలితే పడుతుంది. పీల్చడం గురించి సూచనల పుస్తకంలో ఏమీ లేదు.

ఆరోహణ వాయిదా. కారణం: గాలి. (ఆకు కదిలింది. సాక్షి: నేను.)

7వ తేదీ, ఆదివారం

విశ్రాంతి కూడా శిక్షణలో భాగమేనని పుస్తకం 31వ పేజీలో ఉంది. ఆ పేజీని ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అమలు చేశాను.

8వ తేదీ, సోమవారం

వాయిదా. కారణం: కొమ్మమీద కాకి. గూడు ఉన్నదీ లేనిదీ తేలేవరకు ఎక్కడం భావ్యం కాదు.

9వ తేదీ, మంగళవారం

వాయిదా. కాకి విచారణకు హాజరు కాలేదు.

"దాని పనిమీద అది పోయింది సార్."

"తిరిగి వస్తుందేమో చూడాలి కదమ్మా."

"పొద్దుట్నుంచి నాలుగుసార్లు వచ్చి పోయింది. ఎక్కడం, దిగడం దానికి పెద్ద పనేం కాదు. మన సంగతే తేలట్లేదు."

సిబ్బంది నవ్వారు. నవ్వినవారి సంఖ్య: అందరూ.

10వ తేదీ, బుధవారం

ఎక్కాను!! ఎత్తు: నలభై సెంటీమీటర్లు (బూట్లతో కలిపి).

"చేతుల్తో లాగకండి సార్. కాళ్ళమీద లేవండి. కుర్చీలోంచి లేచినట్టు," అంది పైఅక్క.

ఇరవై ఏళ్ళ సర్వీసులో నాకు బొత్తిగా అభ్యాసం లేని విద్య అదే.

"నీకెలా తెలుసమ్మా ఇదంతా?"

"మీ బల్లమీద పుస్తకం ఉంటే బొమ్మలు చూశా. ఊరికే. ఎక్కుతానని కాదు."

12వ తేదీ, శుక్రవారం. (ఈ పేజీ నేలకు చేరిన తరువాత రాసినది.)

11:00. ఆరంభం. మోకాలు మడవాలి. లేచి నిలబడాలి. కూర్చోవాలి. మళ్ళీ మడవాలి.

11:25. నాలుగు మీటర్లు! కింద చప్పట్లు!

11:27. కాళ్ళు పని మానేశాయి. ముందస్తు నోటీసు ఇవ్వలేదు.

11:30. దిగాలని నిర్ణయం. మొసళ్ళు సమ్మతించలేదు. బరువు పడేకొద్దీ అవి ఇంకా గట్టిగా కరుస్తాయి. దిగడానికి బ్రేకు అనే వేరే పరికరం ఉంది. అది పెట్టెలో ఉంది. పెట్టె కింద ఉంది. తీర్మానాన్ని మనసులో పునఃపరిశీలించగా, అందులో ఎక్కడమే తప్ప దిగడం గురించి ఒక్క ముక్క లేదు. దోషం అధికారిది కాదు, ముసాయిదాది.

11:40. గుమాస్తా ఫైళ్ళను దోటికి గుచ్చి పైకి అందించాడు. "ఎలాగూ ఖాళీగానే ఉన్నారు కదా సార్!"

రెండింటిమీద సంతకం చేశాను. మూడోది పైఅక్కను షెడ్డుకు బదిలీ చేసే ఉత్తర్వు. సంతకం పెట్టబోగా కలం చేజారింది. గుమాస్తా తన కలం దోటికి కట్టి అందించాడు. అదీ చేజారింది. ఎర్రసిరాది అందించాడు. చేజారింది.

"చేతులకేమైంది సార్?"

"తిమ్మిరి."

పైఅక్క చెట్టు దగ్గరికొచ్చింది. ఫైలు అట్టమీది పేరు కిందినుంచే చదివి, మూడు కలాలూ ఏరి తన జేబులో పెట్టుకుంది.

11:55. నిచ్చెన వీధిదీపాల విభాగంలో ఉంది. తెప్పించాలంటే అర్జీమీద నా సంతకం కావాలి. కలాలు లేవు.

"ఇంక ఆపండయ్యా మీ కాగితాలు!" అంది పైఅక్క. పంగకు పైనున్న కొమ్మ మీదుగా రెండో ఒంటితాడు వేయించింది. మొసళ్ళు తగిలించుకుంది, పెట్టెలోంచి బ్రేకులు తీసి నడుముకు వేలాడేసుకుంది. కుడిచెయ్యి నడుంమీద పెట్టుకుని, మేడమెట్లు ఎక్కుతున్నట్టుగా వచ్చి నా పక్కన ఆగింది.

"బాగున్నారా సార్?"

"పరిస్థితి అదుపులో ఉంది."

"కనబడుతోంది. ఒక్కసారి కాళ్ళమీద లేవండి. బరువు తగ్గితే మొసలి విప్పుతా."

"లేవట్లేదమ్మా."

"అయ్యో, గేట్లోంచి పెద్దసారు వస్తున్నారు!"

లేచి నిలబడ్డాను.

అదే అదనుగా ఆమె మొసలిని విప్పి నన్ను బ్రేకుమీదికి మార్చేసింది. గేట్లో ఎవరూ లేరు.

నేను దిగాను. ఆమె దిగలేదు. పంగ దాటి ఆకుల్లోకి పోయింది. కిందినుంచి బూట్లు మాత్రమే కనబడ్డాయి, తరువాత అవీ కనబడలేదు.

"ఏం చేస్తున్నావమ్మా పైన?"

"భుజం నొప్పెడుతుందేమోనని చూస్తున్నా సార్!"

"పెడుతోందా?"

"ఇంకొంచెం పైకెళ్ళి చెప్తా!"

15వ తేదీ, సోమవారం

పెట్టె వాపసు పంపలేదు. చేతులతో లాగే పని ఈ విభాగంలో ఇకమీదట లేనందున బదిలీకి ఆధారం లేదని రాసి ఉత్తర్వును తిప్పి పంపాను. డాక్టరు కూడా తల ఊపాడు. మొసళ్ళ కోసం సిబ్బంది వంతులు వేసుకుంటున్నారు, వాదించుకుంటున్నారు.

నా తీర్మానం ఫలితం: పదకొండు మీటర్లకు నాలుగు. శాతంగా మార్చితే గౌరవంగా ఉండదు.

"పోనీలెండి," అంది మా ఆవిడ. "మీరు ఇరుక్కోబట్టేగా ఆవిడ ఎక్కింది. ఒక్కోసారి పనికిరాకపోవడం కూడా పనికొస్తుంది."

ప్రశంసగా నమోదు చేసుకున్నాను.

16వ తేదీ, మంగళవారం

కొత్త తీర్మానం! రాబోయే పదిహేను రోజుల్లో పదకొండు మీటర్లు ఎక్కి, దిగుతాను. రెండు క్రియలూ స్పష్టంగా చేర్చడమైనది. పర్యవేక్షణాధికారి: పైఅక్క. రోజూ డైరీ ఆమెకు చూపించాలని షరతు పెట్టింది. అంగీకరించాను. గత్యంతరం లేదు.

నేటి సాధన: బ్రేకుమీద దిగుట. అడుగెత్తు నుంచి, ముప్పై సార్లు. అద్భుతం!

దీని కింద ఆమె రాత:

"చూశాను. ముప్పై కాదు, పన్నెండు. రేపట్నుంచి రాసేది నేను, ఎక్కేది మీరు."