దిగిన గుటక

జూలై 14, ఆదివారం

వదినగారికి,

నమస్కారాలు. మేమిక్కడ క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది. మీరైనా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో అయితే పక్కగదిలోకి వినబడుతుందని ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల మీ తమ్ముడికి గొట్టం వేశారు. కోత లేదు. నోట్లోంచే దించి, అన్నవాహికలో గడ్డ అడ్డుపడిన చోట సన్నటి తీగల అల్లికను నిలబెట్టారు. అది మెల్లగా విచ్చుకుని దారి చేస్తుందట. అంతకుముందు మంచినీళ్లు కూడా వెనక్కి తన్నేవి. అయినా కండక్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? "ముద్దలన్నీ ఫుట్‌బోర్డు మీదే వేలాడుతున్నాయండీ, ఒక్కటీ ముందుకు జరగదు" అని డాక్టరుగారినే నవ్వించారు.

గొట్టం వేశాక ఛాతీనొప్పితో విలవిల్లాడారు. కాస్త తగ్గి ఇంటికొచ్చాక చల్లార్చిన టీ చెంచాతో పట్టాను. దిగింది వదినా! గుటక చప్పుడు నా చెవులతో విన్నాను. ఆయన కళ్లు మూసుకునే ఇంకోటి పట్టమన్నారు. నేను వంటింట్లోకెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఇప్పుడు అన్నీ మెత్తగా రుబ్బి, వడగట్టి పెడుతున్నాను. తిన్న వెంటనే పడుకోనివ్వను. తిన్నది పైకి తన్నకుండా మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాను.

ఆసుపత్రి నుంచి పంపేముందు డాక్టరుగారు నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచారు. ఇది జబ్బును తగ్గించేది కాదమ్మా, ఉన్నన్నాళ్లూ ఆకలితో అల్లాడకుండా చూసేది, అన్నారు. ఆయనకు మాత్రం గండం గడిచిందనే చెప్పాను. మళ్లీ డ్యూటీ ఎక్కుతానని మురిసిపోతున్నారు. మీరు నోరు జారకండి. మీ గొంతు వణికినా పట్టేస్తారు.

ఇట్లు,
మీ మరదలు

తా.క. అక్కా, ఇది నేను. తను స్నానానికెళ్లింది. టీగిన్నె ఆవిరి మీద కవరు విప్పి చదివాను. నాకంతా తెలుసు. గొట్టానికి సంతకం పెట్టేముందే డాక్టర్ని నిలదీశాను. తనకు తెలియనిదే ఒకటుంది. నాలుగు రోజులుగా నీళ్లు తప్ప ఏదీ దిగడంలేదు. గడ్డ గొట్టం మీదికి పాకినట్టుంది. తను పెట్టింది బుగ్గన పెట్టుకుని, అటు తిరగ్గానే తువ్వాల్లో ఉమ్మేస్తున్నాను. ఈ పూట గిన్నె ఖాళీ చేశానని ఎంత సంబరపడిందో! చెప్పడానికి నాకు నోరు రావడంలేదు. నువ్వు రా. ముందు దాన్ని కూర్చోబెట్టి కడుపునిండా తినిపించు. ఆ తర్వాతే చెప్పు.