లాభం, రెండు, మూడు

ప్రొద్దుటూరు

చిరంజీవి సాయిశ్రీకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నానమ్మా నేనూ క్షేమం. బెంగళూరులో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. నీ ఉత్తరం చేరింది. ఫోన్‌లో అయితే అమ్మ మాట రాగానే ఇద్దరం ఆగిపోతాం. కాగితం మీద ఆగినా ఎవరికీ తెలియదు. అందుకే నేనూ రాస్తున్నాను.

కొట్టు ఉంచుతావా, దసరా తరువాత మూసేస్తావా అని అడిగావు. చివర చెబుతాను. ముందు అమ్మ ఇంటర్నెట్‌లో పెట్టిన చీరల పేజీ సంగతి.

జమ్మలమడుగు ఇందిరమ్మ మొన్న వచ్చింది. ఆ పేజీలో అమ్మేవన్నీ ఆమె మగ్గం మీది చీరలే కదా. మెట్టు ఎక్కకముందే మొదలుపెట్టింది.

"ఏందప్పా, నా చీరలన్నీ యాడికి పోయినాయి? ఫోన్‌లో చూస్తే ఒక్కటీ కనపడల్యా."

"కంప్యూటర్‌లో ఏదో తేడా వచ్చిందమ్మా."

"కంప్యూటర్ మీదికి నెట్టొద్దు. సుధమ్మ ఉన్నప్పుడు దానికే రోగమూ రాలేదే! కొట్టు మూస్తాండావంట గదా. మూసేటట్టుంటే చెప్పు, నేనూ మగ్గం దించేస్తా."

లోపలి నుంచి నానమ్మ అందుకుంది. "ముందు నీళ్లు తాగు ఇందిరమ్మా. వాణ్ని తిట్టేదానికి శానా పొద్దుంది."

పేజీ చెడితే ఏమేం చూడాలో నువ్వు ఉత్తరంలో రాసినట్టే ఒక్కొక్కటీ చూశాను. పేజీ తెరుచుకుంటోంది. తప్పులుంటే చూపించమని, పేజీని నడిపే స్క్రిప్ట్ పైన ఒక వరుస పెట్టాను. ఏమీ చూపించలేదు. చీరల వివరాలుండే డేటాబేస్ పాస్‌వర్డ్ సరిగానే ఉంది. తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారలేదు. అయినా 'చీరలు లేవు' అనే వస్తోంది. చివరికి స్క్రిప్ట్ అడిగే ప్రశ్ననే తీసుకుని నేరుగా డేటాబేస్‌ను అడిగాను. ఏమీ రాలేదు. అందులోని షరతు తీసేసి అడిగితే ఇందిరమ్మ చీరలన్నీ వరుసగా వచ్చాయి. ఎక్కడికీ పోలేదు. కనపడలేదు, అంతే.

ఆ షరతు అమ్మ పోయాక, ఉగాదికి వచ్చినప్పుడు నువ్వు చేర్చినది. అమ్ముడైన చీరలు కనపడకూడదని, మిగిలినవి సున్నాకన్నా ఎక్కువ ఉంటేనే చూపించమన్నావు. సరైన పనే. ఆ తరువాత ఈ మధ్యదాకా పేజీ తెరిచి చూడనిది నేనే. ఎందుకు చెడిందో నాకు అందలేదు.

ఇందిరమ్మ తెచ్చిన కొత్త చీరలు లెక్కపెట్టడానికి కూర్చున్నాను. మొదటిది తీసి పక్కన పెడుతూ "లాభం" అన్నాను. రెండోది చేతిలోనే ఉండిపోయింది.

మన కొట్టులో ఎవరూ ఒకటి అనరు. బియ్యం కొలిచినా, బట్ట లెక్కపెట్టినా లాభం, రెండు, మూడు. అమ్మ పేజీలోనూ అలాగే రాసింది. ఇందిరమ్మ ఒక్కో రకానికి ఒక్క చీరే నేస్తుంది. ఆమె చీరలన్నిటి ఎదురుగా, అంకె ఉండవలసిన చోట, 'లాభం' అని ఉంది. ఆ మాటను కంప్యూటర్ సున్నా కింద కట్టింది. నీ తప్పు కాదు. చిన్నప్పుడే హాస్టల్‌కు పంపాం. నువ్వు కొట్టులో కూర్చుని లెక్కపెట్టిందెప్పుడు?

సరిచేశాను. ఆ సాయంత్రమే పులివెందుల నుంచి ఒకామె ఫోన్ చేసి నెమలికంఠం రంగు చీర కావాలంది. "సుధక్క ఉందా?" అని అడిగింది. లేదని చెప్పాను. ఇన్నాళ్లూ ఆ మాట నానమ్మ చేత చెప్పించేవాణ్ని. ఫోన్‌లో ఆమె, "అయితే నువ్వే మంచిది చూసి పంపన్నా" అంది.

ఇక కొట్టు సంగతి. నీకు చెప్పకుండా పక్కనున్న టైలర్ అబ్దుల్ వాహిద్‌కు ఇచ్చేస్తానని మాట ఇచ్చాను. పేజీ ఖాళీగా కనపడినప్పుడు, అమ్మ చేసిన పనికి కూడా నూకలు చెల్లాయనుకున్నాను. నిన్న వెళ్లి ఇవ్వలేనన్నాను.

"నిన్నటిదాకా నా మిషన్లకు జాగా చూపిస్తాంటివి గదా మామా!" అని కసిరాడు. కసురుతూనే టీ తెప్పించాడు. తాగడం అయ్యాక, "పోనీలే, మా ఇంట్లోవాళ్లకు చీరలు కొనేదానికి దూరం పోయే పని తప్పింది" అన్నాడు.

దసరాకు నువ్వు వస్తే స్క్రిప్ట్ చూస్తావు. ముందే చెబుతున్నాను. అమ్మ రాసిన మాటను నేను ఎక్కడా మార్చలేదు. 'లాభం' అని ఉంటే ఒకటిగా చదువుకోమని స్క్రిప్ట్‌లోనే ఒక వరుస చేర్చాను. కొత్త చీరలకూ అలాగే రాస్తున్నాను. ఆ వరుస నీకు అనవసరం అనిపించవచ్చు. తీసేయకు.

ఇట్లు,
కొట్టు తెరిచే ఉంచిన
నాన్న