మన పేట చర్చి మూతపడలేదు

చిరంజీవి శాంతికుమార్‌కు అమ్మ దీవెనలు.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. ఫోను కూడా అందని ఆ మంచుకొండల్లో కాపలా కాసే నువ్వూ క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను. దగ్గు తగ్గిందా? మన నల్లావు పెయ్యదూడను వేసింది.

చర్చి మూసేస్తారా అని అడిగావు. క్రిందటి నెల గజపతినగరం నుంచి కమిటీవాళ్లు వచ్చారు. పాస్టరు గారు నెలకొకసారే రాగలరు, ఆరాధన నడిపే అప్పలసూరి తాత పోయాడు, అందుకని మనల్ని పట్నం సంఘంలో కలిపేస్తామన్నారు. మీ నాన్నమ్మ గోడ పట్టుకుని లేచింది.

మొదట్లో మనవాళ్లు పశువుల శాలలో ప్రార్థన చేసుకుంటే, భూస్వామి దాన్ని పీకించేశాడట. అప్పుడు ఆడవాళ్లు కూలి పని అయ్యాక కొండ నుంచి రాళ్లు నెత్తిన మోసుకొచ్చి ఈ గోడలు లేపారట. తుఫానుకు కప్పు ఎగిరిపోయిన ఏడాది గొడుగుల కింద క్రిస్మస్ చేసుకున్నారట. అదంతా చెప్పి, “పాదిరి నేని రోజులు శానా సూసినాం బాబూ. ఆరాదన మాత్రం ఆగనేదు” అంది.

కమిటీ పెద్ద భాస్కర్ గారు ఓపిగ్గా విని, మరి వచ్చే ఆదివారం ఎవరు నడుపుతారని అడిగారు.

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. లేచింది నేనేరా. చేపలమ్ముకునే హిందువుల ఇంట్లో పుట్టి కోడలిగా వచ్చినదాన్ని. ప్రార్థన చెయ్యమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. కానీ పొయ్యి దగ్గర మీ నాన్నమ్మ వల్లించే విశ్వాస ప్రమాణం, కీర్తనలు ఏనాడో నోటికొచ్చేశాయి.

“నాను నడుపుతాను. సూసినాక సెప్పండి” అన్నాను.

ఆ ఆదివారం కమిటీవాళ్లు మళ్లీ వచ్చారు. నా పెళ్లికి రాని మీ వెంకీ మావయ్య కూడా సముద్రం ఒడ్డున ఉన్న మా పుట్టింటి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. విశ్వాస ప్రమాణం మొదటి వాక్యంలోనే తప్పాను. మీ నాన్నమ్మ మాట అందించలేదు, నన్నే చూస్తూ కూర్చుంది. ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఇక ఆగలేదు. కీర్తన ఎత్తేసరికి చర్చి అంతా లేచి పాడింది.

భాస్కర్ గారు నమస్కారం పెట్టి, “సంఘం ఇక్కడే ఉంటాదమ్మా. మీరే నడపండి” అన్నారు. బయట మీ నాన్నమ్మ కనిపించినవాళ్లందరికీ, “ఇది నా కోడలు” అని చెప్పింది, వాళ్లకేదో నేనెవరో తెలియనట్టు.

ఈ ఉదయం వచ్చే వారం బైబిలు పాఠం చదువుకుంటూ పాలు పొంగి ఒలికిపోనిచ్చాను. మీ నాన్న ఒక్క మాట అనకుండా డికాషనే తాగి పొలానికి వెళ్లాడు.

ఇట్లు,
నిన్ను తలవని పూట లేని మీ అమ్మ,
కూర్మమ్మ