బీరువాలో ఆకుపచ్చ చీర

చిక్కడపల్లి,
ఆదివారం.

దివ్య వాళ్ళ నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ అమ్మాయీ కులాసాగానే ఉన్నాం. మీరూ ఆసిఫాబాద్‌లో వేళకు తిని, వేళకు పడుకుంటున్నారనే అనుకుంటున్నాను. మీ ఉత్తరం పోయిన వారం అందింది. పిల్ల చెవిన పడకూడని మాట కాబట్టి ఫోన్ మానేసి ఉత్తరం రాశానన్నారు. నేనూ అందుకే రాస్తున్నాను. పైగా సాయంత్రం పూట ఫోన్ దివ్య చేతిలోంచి నా చేతికి వచ్చేసరికి మీరు ఆవలిస్తుంటారు. "ఇంకేంది సంగతులు?" అంటారు. నా సంగతులకు మీ దగ్గర మిగిలేది ఆ ఆవలింతే.

ముందు మీరడిగినవాటికి జవాబులు. బాల్కనీలోకి కారే నీళ్ళు ఆగాయి. వాచ్‌మన్ బుగ్గయ్య పైకెక్కి పైపుకు ఏదో చుట్టి వచ్చాడు. దివ్యకు కొత్త బూట్లు సరిపోయాయి, మడమ దగ్గర ఒరుసుకోవడం తగ్గింది. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్, మీరు ట్రాన్స్‌ఫరై వెళ్ళిన రోజు ఎక్కడ ఆగిందో ఇంకా అక్కడే ఉంది. బ్యాంకు వాళ్ళు మిమ్మల్ని ఎప్పుడు వెనక్కి పంపుతారని మీ అమ్మాయి అడుగుతోంది. నేను అడగడం మానేశాను.

ఇక ఆరో తరగతి. పిల్లను ఎలా అలవాటు చేస్తున్నావని అడిగారు. చెబుతాను, వినండి. అశోక్ నగర్ సందులో ఆ చిన్న బడి ఐదో తరగతి వరకే కదా. అక్కడ ఒకే టీచరమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నీ చెప్పేది, నీళ్ళ సీసా మూత కూడా ఆవిడే తీసి ఇచ్చేది. ఇప్పుడు నారాయణగూడలో పెద్ద బడి. గంట కొట్టినప్పుడల్లా ఒక సారు వెళ్ళి ఇంకో మేడమ్ వస్తుంది. అందుకని ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టాను. తన జడ తనే వేసుకోవడం నేర్పాను. బడి ఆటో రాకపోతే ఎటు నడిచి రావాలో ఆ దారంతా తిప్పాను. పుస్తకాలకు అట్టలు వేశాను. టైమ్ టేబుల్ బీరువా తలుపుకు అంటించి, దాన్ని చూసి సంచి సర్దుకోవడం అలవాటు చేశాను. ఇంత చేసిన మనిషిని నేను.

సాయంత్రం ఆటో దిగుతుంది. "బడి ఎట్లుంది బిడ్డా?" అంటాను. "మంచిగుంది" అంటుంది. అంతే. ఆ ఒక్క మాటకు నేను మధ్యాహ్నం నుంచి ఎదురుచూస్తాను. తర్వాత మీ ఫోన్ వస్తుంది. ఇక చూడాలి ఆ ముఖం. బాల్కనీ తలుపు దగ్గరగా వేసుకుంటుంది. గుసగుసలు, నవ్వులు, మధ్యలో ముక్కు చీదడం. నేను వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపి మరీ వింటాను, ఒక్క ముక్క వినపడదు. నిజం చెబుతున్నాను, మీ మీద నాకు ఒళ్ళు మండుతుంది. అన్నం కలిపి పెట్టేది నేను, జ్వరమొస్తే కూర్చునేది నేను, కబుర్లేమో మీకు. మొన్నామధ్య మార్కెట్లో కూరగాయలు బేరమాడుతూ కూడా ఇదే కుళ్ళు. పావుకిలో పచ్చిమిర్చి సంచీలో వేసుకోకుండానే వచ్చేశాను.

మీ ఉత్తరం చదివాక ఆ మంట రెండింతలైంది. కంప్యూటర్ గది ఎక్కడో తెలియక మెట్ల దగ్గర నిలబడి ఏడ్చిందట. హిందీ మేడమ్‌కు ఇంకా తన పేరు తెలియదట, రోల్ నంబరుతో పిలుస్తుందట. మన ఇంటి నుంచి అరగంట కూడా లేని బడిలో నా కూతురు ఏడ్చిందని నాకు ఆసిఫాబాద్ నుంచి తెలియాలా? పైగా చివర్లో మీ ప్రశ్న. "ఇక్కడి బడి చిన్నది, దివ్య నా దగ్గరికి వస్తానంటోంది, దసరా తర్వాత ఇక్కడ చేర్పిద్దామా?" అని. ఆ వాక్యం చదివి ఉత్తరాన్ని బియ్యం డబ్బా వెనక్కి విసిరేశాను. కాసేపటికి నేనే తీసి దులిపి పెట్టుకున్నాను.

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. ఇంతవరకూ దాటేస్తూ వచ్చాను. మీ ఉత్తరం అందిన తర్వాత కొన్ని రోజులు మీ ఫోన్ కలవలేదు, టవర్ బాగాలేదని చెప్పాను కదా. టవర్ బాగానే ఉంది. సాయంత్రమయ్యేసరికి ఫోన్ నేనే ఆపేసి పప్పుల డబ్బాల వెనక పెట్టాను. దివ్యతో "డాడీకి ఆడిట్ నడుస్తుంది, పరేషాన్ చేయకు" అన్నాను. వేడివేడిగా మిర్చి బజ్జీలు వేసి, మీరు లేని ఆ బాల్కనీలో మీ చోట నేను కూర్చున్నాను. ఇక నాకే చెబుతుందిలే అనుకున్నాను. ఆమె బజ్జీలు తిని, "మంచిగున్నయి" అని, హోంవర్క్ చేసుకుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే.

చివరికి ఒక సాయంత్రం బుగ్గయ్య భార్య ఆశమ్మ పైకి వచ్చింది. "అమ్మా, మీ ఫోన్ గిట్ల ఖరాబైందా? పాప డాడీకి చేస్తనని నా ఫోన్ అడుగుతుంది. మిమ్మల్ని అడగకుండ ఎట్లిస్త అని వచ్చిన" అంది. ఆవిడ వెనక మెట్ల మీద మీ అమ్మాయి. నా తల కొట్టేసినట్టయింది.

ఆశమ్మ వెళ్ళాక తలుపు వేసి అడిగేశాను. "గంత దూరమున్న డాడీకి చెప్తవ్, ఎదురుంగ ఉన్న నాకు చెప్పవు. నేనేం జేసిన నీకు?"

యూనిఫామ్ కుచ్చిళ్ళు నలుపుకుంది. తర్వాత మెల్లగా అంది.

"నీకు చెప్తే నువ్వు చీర కట్టుకుంటవ్ మమ్మీ."

నాకు అర్థం కాలేదు. తనే చెప్పింది. "ఏదన్న చెప్పంగనే నైటీ ఇడిచి ఆ ఆకుపచ్చ చీర కట్టుకుంటవ్, స్కూల్‌కొస్తవ్. డాడీకి చెప్తే డాడీ రాలేడు గద."

మీకు తెలుసు కదా, చిన్న బడిలో నేను అంతే చేసేదాన్ని. పెన్సిల్ పోయిందంటే ఆ గంజి పెట్టిన చీర కట్టుకుని వెళ్ళేదాన్ని. టీచరమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టేది. పెద్ద బడికి కూడా మొదటి రోజు అలాగే వెళ్ళాను. క్లాసులోకి నడిచి, మొదటి బెంచీ కొంగుతో తుడిచి, దివ్యను కూర్చోబెట్టి, లెక్కల సారుతో "జర భయపడ్తది సార్, చూసుకోండి" అన్నాను. సారు తలూపాడు. పిల్లలు నవ్వారు, ముద్దుగా నవ్వారనుకుని నేనూ నవ్వాను. ఆ తర్వాత నీళ్ళ సీసా కోసం ఒకసారి, బెంచీ మార్చారని ఇంకోసారి వెళ్ళాను. ఇప్పుడు క్లాసు తలుపు ఎవరు తట్టినా వెనక బెంచీల వాళ్ళు "దివ్యా, మీ మమ్మీ ఒచ్చింది" అంటున్నారట. మీ దగ్గరికి వస్తానన్నది అందుకట. ఇది మీకు నెల కిందటే చెప్పిందట. నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. మీరు మాట నిలబెట్టుకున్నారు. దానికీ నాకు కుళ్ళే.

బాగా ఏడ్చాను. ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాను. ఆ రోజు మీతో అంతసేపు ఎందుకు మాట్లాడిందో ఇప్పుడు తెలిసిందా?

మీరు మంచి తండ్రే. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. మీకు చెప్పడంలో సగం మీ గొప్ప, మిగతా సగం ఆసిఫాబాద్ దూరం. నాకు ఆ దూరం లేదు. ఇంట్లోనే ఉండి, కదలకుండా వినడం నేర్చుకోవాలి. ఆరో తరగతికి పిల్లను తయారు చేశాను గానీ, నేను తయారు కాలేదు. కాబట్టి దసరా దాకా అక్కడ బడి మాట ఎత్తకండి. నాకూ కొంచెం టైమివ్వండి.

నిన్న శనివారం. ఆటో దిగి వచ్చింది. నేను నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. సంచి దించింది. "మమ్మీ, ఒకటి చెప్పాలె" అంది. చెప్పకుండా ముందు బీరువా వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాను. నా పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. వింటుంటే మధ్యలో రెండుసార్లు నా కాళ్ళు లేవబోయాయి. లేవలేదు. అంతా అయ్యాక, "ఏం చెయ్యకు, ఊకె చెప్పిన" అంది. సరేనన్నాను. తనూ నాలుగు కాయలు ఒలిచి ఆడుకోవడానికి కిందికి వెళ్ళింది.

సాయంత్రం మీకు ఆ సంగతి చెప్పలేదు కదా? నాకు తెలుసు, తలుపు దగ్గరే నిలబడి విన్నాను. ఏం చెప్పిందో నేనూ రాయను. ఈ ఉత్తరం చదివి, కొన్నాళ్ళు మీరు కుళ్ళుకోండి.

ఇట్లు,
ముందు దివ్య వాళ్ళ అమ్మ, ఆ తర్వాతే మీ భార్య,
దమయంతి