ఈకలు కట్టింది నేను

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు సంవత్సరమాయ. అన్న నీ సమాధికాడికి పూలు తీసుకొనిపోయినాడు. నేను పోలేదు. బతికుండగా నీ మొగం మీద అనలేకపోయిన మాటలు ఈడ రాస్తాండా.

మొన్న పెనుకొండ స్కూలు నుంచి డ్రిల్లు సారు వచ్చినాడు. నువ్వు చేసిన బాణాలను స్కూల్లో అద్దాల బీరువాలో పెట్టి, కింద నీ పేరు రాస్తాడంట.

"మీ నాయన బాణాల తోకలకు ఈకలు ఎంత బాగా కట్టినాడమ్మా!" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఈకలు కట్టింది నేను సార్," అన్నా.

ఆయన నమ్మలేదు. ధర్మవరం మగ్గాలకాడ ఏరుకొచ్చిన పట్టుదారం ప్రతి బాణానికీ ఎట్ల చుట్టినానో చూడమన్నా. అన్నీ ఎడమచేతి చుట్లే, నీదేమో కుడిచేతి వాటం. ఎడమచేత్తో అన్నం తిన్నానని నన్ను ఎన్నిసార్లు కొట్టినావు నాయనా? పదేండ్ల పిల్లప్పటి నుంచి ఆ చేత్తోనే కోడి ఈకలు చీల్పించి, కట్టించుకున్నావు. ఎవరన్నా వస్తే నన్ను లోపలికి తరిమి, "అంతా నా చేతి పనే" అనేవాడివి.

సారు ముందరే ఒక బాణానికి ఈకలు కట్టినా. ఆయన నీ విల్లు తీసుకొని దాన్ని గడ్డివామికి గురిపెట్టి వేసినాడు. బాణం ఊగకుండా పోయి దిగబడింది.

"నీ పేరే రాస్తానమ్మా. మీ నాయన పేరు తీసేయమంటావా?" అని అడిగినాడు.

"వద్దు సార్. వెదురు పుల్లలు నిప్పు మీద కాచి వంకలు తీసింది ఆయనే. అది కూడా రాయండి," అన్నా.

నీ మీద ప్రేమతో చెప్పలేదు నాయనా. నీ మాదిరి దొంగతనం నాకు చేతకాదు.