లూర్నా వాగు పారుతోంది

ఆర్దూన్,
ఫిబ్రవరి 19, సోమవారం.

అమ్మకు,

నీ ఉర్సీనా ప్రేమతో రాసే ఉత్తరం. ఇక్కడ మనుషులమూ తేనెటీగలమూ అందరం బాగున్నాం. బాసెల్‌లో నువ్వూ, పిన్నీ, నీ కొత్త తుంటి ఎముకా ఒకరితో ఒకరు సర్దుకుపోతున్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. తేనెపెట్టెల గుమ్మాల దగ్గర మంచు తీశాను. పొగగొట్టం తుడిపించాను. తిండి సరిగ్గానే తింటున్నాను. ఇక, "స్కీ కంపెనీకి లూర్నా అడవి ఇచ్చేస్తారా?" అని ఉత్తరం చివర చిన్న అక్షరాలతో అడిగావు చూడు, దానికి పెద్ద అక్షరాలతో జవాబు: ఇవ్వలేదమ్మా! నిన్న ఊరి సభలో నూట పన్నెండు చేతులు మనవైపు లేచాయి. అటు అరవై ఏడు.

బడి హాల్లో కూర్చోవడానికి చోటు లేదు. కంపెనీ ఇంజనీరు తెరమీద పటం చూపించాడు. మూడు వందల ఏళ్ల పైన్ చెట్లున్న చోట కొత్త జారుడు బాట, దాని కింద మంచు చిమ్మే యంత్రాల కోసం ఒక చెరువు. "లూర్నాది ఎండు వాగండీ. శరత్కాలం దాటితే చుక్క ఉండదు. చావడానికి అందులో చేపయినా లేదు," అన్నాడు. రుజువుగా పదిహేడేళ్లనాటి నివేదిక ఎత్తి చూపించి, "ఇది మీ ఊరి అమ్మాయే రాసింది," అని నవ్వాడు. హాలంతా నావైపు తిరిగింది.

లేచి నిలబడ్డాను. "ఆ నివేదిక తప్పు," అన్నాను. "ఒకే ఏడు, అదీ వానల్లేని ఏడు, అక్టోబరులో రెండు రోజులు కొలిచి రాశాను. చలికాలంలో ఆ వాగు మంచు కింద పారుతుంది."

వెనకనుంచి జున్ను చేసే దూరి మామ అరిచాడు: "ఓసి నీ చదువు తగలెయ్యా! ఇప్పటికి నోరు పెగిలిందా?"

అందరూ నవ్వారు. ఇంజనీరు మాత్రం, "రుజువు?" అన్నాడు.

"రుజువేమిటయ్యా, ఊళ్లో పారలు లేవా?" అన్నాడు మామ. "అరగంట నడక."

అధ్యక్షురాలు కత్రీనా గడియారం చూసింది. "రెండింటిదాకా సభ వాయిదా. ఇంజనీరు గారూ, ఆ మెరిసే బూట్లతో రాకండి, మిమ్మల్ని మోసుకు రావడం మావల్ల కాదు."

పాపం, మామ దగ్గర బూట్లు అరువు తీసుకుని, రెండడుగులకోసారి వాటిలోంచి జారిపోతూ వచ్చాడు. మామ పొడవాటి కర్ర మంచులోకి దించి, పై కొనకు చెవి ఆనించి, "ఇక్కడ" అన్నాడు. తవ్వారు. రాళ్లు. మరో చోట తవ్వారు. అక్కడా పొడి రాళ్లే. కంపెనీవైపున్న హోటల్ యజమాని ఫ్లూరిన్ చేతితొడుగులు దులుపుకున్నాడు. అమ్మా, ఆ క్షణంలో నాకు నామీదే నమ్మకం పోయింది. నా పాత తప్పే నిజమేమో, ఇప్పుడంటున్నదే తప్పేమో అనిపించింది.

మూడోచోట మనిషిలోతు తవ్వాక ముందు చప్పుడు వినబడింది. తర్వాత నల్లగా నీళ్లు. మామ టోపీ గాల్లోకి విసిరాడు: "ఎంత గుట్టుగా పారుతోందే, దీనిల్లు బంగారంగానూ!"

నేను గుంటలోకి దిగి ఒక రాయి తిరగేశాను. ఇసుక రేణువులతో గూడు కట్టుకున్న పురుగులు, పదికి పైనే. ఒకదాన్ని ఇంజనీరు అరచేతిలో పెట్టాను. "వాగు ఎండిపోతే ఇది బతకదు," అన్నాను. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత ఆయనే వంగి, జాగ్రత్తగా నీళ్లలో వదిలాడు.

రెండింటికి సభ మళ్లీ కూడి చేతులెత్తినప్పుడు కూడా ఫ్లూరిన్ చెయ్యి అటే లేచింది. అతని కొడుకులిద్దరికీ ఇక్కడ పని లేదు, ఆ బాధ నాకు తెలుసు. అయినా బయట నాతో చెయ్యి కలిపాడు. "రేపటినుంచి హోటల్లో అతిథులకు నీ పురుగులే చూపిస్తా. టికెట్టు పెడతా!" అన్నాడు.

ఇంతవరకూ గెలుపు రాశాను. దాచినది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ వాగు పారుతుందని నాకు తెలిసింది నిన్న కాదు. మూడేళ్ల కిందటి చలికాలంలో మంచుమీద నడుస్తూ స్వయంగా విన్నాను. మర్నాడు వెళ్లి కొలిచాను కూడా. ఆ కొలతలు ఎవరికీ చూపలేదు; ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారని నిన్న సభలోనూ బయటపెట్టలేదు. అప్పుడు విశ్వవిద్యాలయంలో నాకు పదోన్నతి రావాల్సిన సమయం, ముందు అది రానీ అనుకున్నాను. వచ్చింది. ఆ తర్వాత ఇంకో సాకు దొరికింది.

అంతకంటే పాతది మరొకటుంది. నివేదిక నలభై ఒకటో పేజీలో ఇలా రాశాను: "వాగు చలికాలంలోనూ పారుతుందని ఒక స్థానిక మహిళ చెప్పారు. దానికి ఆధారం లేదు." ఆ మహిళ నువ్వేనమ్మా. జనవరిలో తాతయ్యతో దుంగలు లాగుతుంటే నడుందాకా మంచులో దిగబడ్డాననీ, బూటు నిండా నీళ్లొచ్చాయనీ రొట్టెపిండి పిసుకుతూ చెప్పావు. ఆధారం లేదని రాశాను. నీ పేరైనా రాయలేదు. నువ్వేమో ఆ పుస్తకాన్ని వీధివీధినా తిప్పి చూపించావు. ఆ పేజీ చదివావో లేదో అడిగే ధైర్యం నాకు ఈనాటికీ లేదు.

లూర్నాను చలికాలంలోనూ పారే వాగుగా పటంలో ఎక్కించమని ప్రభుత్వానికి సవరణ పంపుతున్నాను. సాక్షులు కావాలి. దూరి మామ, కత్రీనా సంతకాలు చేశారు, రెండో వరుసలో, మూడో వరుసలో. మొదటి వరుసలో నీ పూర్తి పేరు రాసి ఉంచాను. ఏ ఏడు, ఏ చోట నీ కాలు దిగబడిందో నీ చేత్తో రాసి పంపు. నువ్వెలా చెబితే అలాగే, ఒక్క మాట మార్చకుండా జతచేస్తాను.

ఇట్లు,
నీ మాట పదిహేడేళ్లు ఆలస్యంగా విన్న
నీ పెద్దకూతురు,
ఉర్సీనా