ఆయన గొంతు

జూన్ 4
కంప్యూటర్ పోయింది. సన్నగా పొగ, కాలిన వాసన, అంతే. ఆయన కీబోర్డ్ మీద వేలు అలాగే పెట్టుకుని కూర్చుండిపోయారు. గొంతు ఆపరేషన్ అయి మాట పోయిన దగ్గర్నుంచీ ఆయన టైప్ చేస్తే అది పైకి చదివేది. పాప పుట్టింది ఆ తర్వాతే. దానికి తెలిసిన నాన్న గొంతు అదొక్కటే.

జూన్ 6
రిపేర్ షాపాయన మూత తీసి చూసి పెదవి విరిచాడు. బోర్డు మాడిపోయిందట. ఈ మోడల్‌కి పార్టులు రావట. కొత్తది తీసుకోమన్నాడు.

జూన్ 9
కొత్త కంప్యూటర్, కొత్త గొంతు. నిజం చెప్పాలంటే నాకు భలే నచ్చింది. రేడియోలో వార్తలు చదివేవాడిలా ఉంది. పాప మాత్రం నాన్న పిలిస్తే పలకలేదు. ఆ అంకుల్‌ని ఆపెయ్యమని నా వెనక దాక్కుంది. సాయంత్రం ఆయన స్పీకర్ వైరు పీకేశారు.

జూన్ 10
పలక మీద రాసి చూపిస్తున్నారు. నాకు సరే. పాపకి ఇంకా గుణింతాలే రావు.

జూన్ 13
పోట్లాడుకున్నాం. నాలుగు రోజులు వింటే అదే అలవాటవుతుంది కదా అన్నాను. ఆయన గబగబా రాశారు, చెరిపారు, మళ్ళీ రాశారు. పాత ప్రోగ్రాం ఇంగ్లీషుది, మన మాటలకి దానికి సరిగ్గా నోరు తిరగదు. ఏ అక్షరం రెండుసార్లు కొడితే పాప పేరు పాప పేరులా వినిపిస్తుందో, కామా ఎక్కడ పెడితే వెటకారం పలుకుతుందో ఏళ్ళ తరబడి తనే కనిపెట్టుకున్నారు. కొత్తది వెటకారాన్ని కూడా వార్తల్లా చదివేస్తుంది. వెటకారం లేకపోతే అది నేనెలా అవుతానని రాశారు.
ఆ వెటకారంలో సగం నా మీదే మరి.

జూన్ 15
షాపాయన ఫోన్. కంపెనీవాళ్ళే ఆ పాత మోడల్ మొత్తాన్నీ ఒక చిన్న సర్క్యూట్ కార్డు మీదికి కుదించి చేశారట. కొత్తదాని లోపల స్లాట్‌లో గుచ్చితే పాత ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీలన్నీ నడుస్తాయట. మూసేసిన టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకటి పడుందట, అడిగి చూస్తానన్నాడు. ఆయనకి చెప్పాను. అన్నం రెండోసారి వడ్డించుకున్నారు.

జూన్ 20
షాపాయన కార్డు తెచ్చాడు! అరచెయ్యంత ఉంది. గుచ్చి స్విచ్ వెయ్యగానే నల్లటి స్క్రీన్ మీద ఆ పాత పచ్చ అక్షరాలు. ఫ్లాపీ కరకరలాడింది. ఆయన టైప్ చేశారు. చప్పుడు లేదు. మళ్ళీ చేశారు. లేదు. నేను ఆయన మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను.
షాపాయన నాలుక్కరుచుకున్నాడు. శబ్దం ఆ కార్డు వెనకనుంచి వస్తుందట, కంప్యూటర్ నుంచి కాదట. స్పీకర్ వైరు అక్కడికి మార్చాడు.
రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఆ ముక్కు గొంతు! షాపాయనకి థాంక్స్ చెప్తారనుకున్నాను. మా ఆవిడ ఇన్నాళ్ళూ ఇల్లు ప్రశాంతంగా ఉందని సంబరపడింది, ఇక అయిపోయింది అన్నారు. కామా సరిగ్గా పడింది. పాప వీధిలోంచి పరుగెత్తుకొచ్చి ఆయన మెడకి చుట్టేసుకుంది. నేను నవ్వుతూనే ఏడ్చాను.

జూన్ 21
పొద్దుట్నుంచీ తండ్రీకూతుళ్ళకి ఒకటే వాదన, కాకికి పళ్ళుంటాయా ఉండవా అని. నేను కాఫీ కలుపుకుని వంటింట్లోనే కూర్చున్నాను. ఆపలేదు.